నీళ్ళు అరవైకి వచ్చేదాకా

వెయ్యీ పదే. మార్లిస్ కళ్ళజోడు తీసి, స్వెటర్ అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, బేస్‌మెంట్ బల్ల ముందు మోకాళ్ళ మీద వంగి, పొడుగాటి గాజు జాడీలో నిలువుగా తేలుతున్న హైడ్రోమీటర్ గీతలకు కళ్ళు సమానంగా తెచ్చుకుని ఇంకోసారి చూసింది. నల్లటి బీరు గాజును తాకే చోట అదే అంకె. బుధవారం పొద్దున చూసినప్పుడూ అదే. మామూలు నీళ్ళకు వెయ్యి. మొలకెత్తించిన బార్లీతో చేసిన మాల్టు రసంలో చక్కెర ఉన్నకొద్దీ గొట్టం పైకి తేలి అంకె పెరుగుతుంది, ఈస్టు ఆ చక్కెరను తినేకొద్దీ గొట్టం మునిగి అంకె దిగుతుంది, తినగలిగింది తినేశాక ఆగిపోతుంది. కాచిన రోజు వెయ్యీ యాభై ఆరు. ఎనిమిదో రోజు వెయ్యీ ఇరవై. ఆ తర్వాత వెయ్యీ పద్నాలుగు దగ్గర ఆగాలి. పదమూడేళ్ళుగా అదే మాల్టు, అదే ఈస్టు, సరస్సు గడ్డకట్టి ఖనిజం మోసే ఓడలన్నీ ఒడ్డుకు చేరి వాటిమీద పనిచేసే భర్త కర్ట్ ఇంటికొచ్చే వారానికి సిద్ధంగా ఉండాల్సిన అదే నల్ల బీరు. ఒక ఏడు పదమూడు, ఒక ఏడు పదిహేను. పది ఎప్పుడూ లేదు. పద్నాలుగు దగ్గర ఆగాల్సింది పదికి దిగిందంటే అందులో నీళ్ళు కలిశాయి. అయిదు గ్యాలన్లలో గ్యాలనున్నర తీసేసి గ్యాలనున్నర నీళ్ళు పోస్తే లెక్క సరిగ్గా పదికే వస్తుంది, బుధవారం నుంచి కాగితం మీద నాలుగుసార్లు వేసి చూసుకుంది. పన్నెండు రోజుల్లో గ్యాలనున్నర, అంటే రోజుకో గ్లాసు. ఈ ఇంట్లో ప్రస్తుతం ఉన్నది ఇద్దరు. ఒకరు తను. రెండోవాడు తమ్ముడు ఒరిన్, తాగుడు మాని ఏడు నెలలయిందని చెబుతున్నవాడు.

జాడీలోని బీరును గ్లాసులోకి వంపి ఒక గుక్క తాగింది. పుల్లగా లేదు, వేరే పురుగేదీ పట్టలేదు. పల్చగా ఉందా? పల్చగానే ఉంది. లేదా పల్చగా ఉంటుందనుకుని తాగింది కాబట్టి అలా ఉందేమో. ఇంకో గుక్క తాగింది. పల్చగానే ఉంది. ఇందాక బీరు సామాన్ల కొట్టు హార్లన్‌కి ఫోన్ చేస్తే అతను మామూలుగా నవ్వేశాడు. "నాలుగు గీతలకే ఇంత కంగారేంటి మార్లిస్? ఈస్టు కూడా మనలాంటిదే, ఒక్కో ఏడు ఆకలెక్కువ. మాల్టు నానబెట్టినప్పుడు వేడి తగ్గిందేమో చూసుకున్నావా?" తగ్గలేదు, రాసిపెట్టుకున్నానని చెప్పింది. "మరి హైడ్రోమీటర్ని ఉత్త నీళ్ళలో వేసి చూశావా?" అన్నాడు. అది పదమూడేళ్ళుగా తన దగ్గరున్నదని, ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదని అంటే, "అందుకే చూడమంటున్నా. లోపల గీతల కాగితం అంటించే జిగురు పాతబడితే జారుతుంది. జారిందంటే ఇక అది చెప్పేదంతా అబద్ధమే. అరవై డిగ్రీల నీళ్ళలో వెయ్యి చూపించాలి. చూసి చెప్పు," అని, పెట్టేయబోతూ, "ఇంతకీ ఎవరిమీద అనుమానం నీకు?" అన్నాడు. ఎవరిమీదా లేదంది. అతను ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం బాగాలేదు. హార్లన్‌కి ఏం తెలుసు? ఒరిన్ ఇక్కడుంటున్న సంగతి ఎవరైనా చెప్పారా? ఒరిన్ ఎప్పుడైనా ఆ కొట్టుకెళ్ళాడా?

జాడీ కడిగి కుళాయి కింద పెట్టింది. జనవరిలో దులూత్ కుళాయి నీళ్ళంటే సరస్సు నీళ్ళే, వేళ్ళు కొంకర్లు పోయాయి. థర్మామీటర్ ముంచితే ఫారెన్‌హీట్‌లో ముప్పై తొమ్మిది, గడ్డకట్టే చలికి ఏడు డిగ్రీలే ఎక్కువ. అరవైకి రావాలి. వాషింగ్ మెషీన్ పక్కన గోడ గడియారంలో నాలుగూ అయిదు. వేడినీళ్ళు అరగ్లాసు కలిపితే నిమిషంలో అయిపోయే పని. కలపలేదు. వేడినీళ్ళ కుళాయి మీద చెయ్యి వేసి, తీసేసి, జాడీని బల్ల మీద పెట్టి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. నెమ్మదిగా రానీ, గాలి బుడగలు కూడా పోతాయి, హడావిడిగా చేసిన కొలత కొలతే కాదు, అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుంటూనే అది సాకు అని కూడా తోచింది. ఒరిన్ మూడింటికి చర్చి బేస్‌మెంట్లో తాగుడు మానేవాళ్ళ మీటింగుకని వెళ్ళాడు, అయిదుంబావుకు గానీ రాడు. అయిదింటికి బ్రిట్టా ఫోన్ చేస్తుంది. ఈ మధ్యలో ఉన్నది ఒక్క గంట.

బ్రిట్టా ఒరిన్ కూతురు, మినియాపొలిస్‌లో ఉంటుంది, ఎనిమిది నెలల పాప. ఆ పాపను ఒరిన్ ఇంతవరకు చూడలేదు. బుధవారం సాయంత్రం బ్రిట్టా ఫోన్ చేసి, గొంతు తగ్గించి, వెనకాల పాప ఏడుస్తుంటే, "అత్తా, నాన్న పక్కన లేడు కదా?" అంది. లేడంటే, "శనివారం అయిదుకి చేస్తా. అప్పటిదాకా బాగా చూసి చెప్పు. తాగడం లేదని నువ్వంటే ఆదివారం పాపను తీసుకొస్తా. నువ్వు అనకపోతే రాను, మళ్ళీ అడగను కూడా. ఇంకెవరి మాటా నమ్మను నేను," అంది. ఆ పొద్దునే వెయ్యీ పది చూసి ఉంది మార్లిస్. ఇప్పుడే చెప్పేయనా అనుకుంది. చెప్పలేదు. సరే తల్లీ అంది. తన మాట నమ్ముతుందట. అయిదేళ్ళ కిందట కూడా నమ్మింది, పెళ్ళికి ముందు. అప్పుడూ ఇలాగే అడిగితే, ఈసారి నిజంగా మానేశాడు, పూచీ నాది అని చెప్పింది మార్లిస్. ఏం చూసి చెప్పింది? వాడు గడ్డం గీసుకుని చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చి వంటింట్లో కూర్చుని కాఫీ తాగాడు, అంతే. పెళ్ళి విందులో నాట్యం మొదలయ్యేసరికి ఒరిన్ లేచి నిలబడి, కూతురితో ఆడటానికి రెండడుగులు వేసి, కేకు బల్ల అంచు పట్టుకుని బల్లతో సహా కూలిపోయాడు. కోటు జేబులో చిన్న సీసా పగిలి తొడకి గుచ్చుకుంది. తెల్లటి గుడ్డ మీద ఎరుపు. బ్రిట్టా తండ్రిని చూడలేదు, అత్తనే చూసింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ బడి బస్సు నడుపుతూ నడుపుతూ ఎర్ర దీపం దగ్గర ఒళ్ళు ఝల్లుమంటుంది.

నలభై నాలుగు. థర్మామీటర్లో ఎర్రటి దారం వెంట్రుకవాసి పైకి పాకింది. ఈసారి చూడకుండా చెప్పేది లేదు. ఈసారి చూసింది. ఏం చూసింది? పిప్పరమెంటు బిళ్ళలు, ఎప్పుడు చూసినా దవడలో ఒకటి. మానేసినవాడికి నోటి వాసన దాచుకునే అవసరం ఏమిటి? కుళాయి చప్పుడు, తను బడి బస్సు తోలడానికి వెళ్ళాక కింద కుళాయి ఎందుకు పారుతుంది? మొన్న గురువారం చేతి తొడుగులు మర్చిపోయి వెనక్కొస్తే మెట్ల మీదికే వినిపించింది, సన్నగా, చాలాసేపు. దిగి చూస్తే ఒరిన్ సరిగ్గా ఇక్కడే, బీరు పులుస్తున్న బకెట్ పక్కనే, చేతిలో తడి గ్లాసుతో నిలబడి ఉన్నాడు. ఉలిక్కిపడ్డాడు. "ఏంటి అక్కా, బస్సు లేదా?" అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు తెలుసు తనకు, బాగా తెలుసు, అమ్మ అంత్యక్రియల్లో కాఫీ ఫ్లాస్కు గుండెకి హత్తుకుని అందరితో నవ్విన నవ్వే అది, అందులో కాఫీ లేదని సాయంత్రానికి గానీ తెలియలేదు. ఇక గీత. బీరు కాచిన మర్నాడే బకెట్ బయట తెల్ల టేపు అంటించి, లోపలి మట్టం కనిపించే చోట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేసింది. గీత కిందికి దిగలేదు. కొలతకని తను తీసిన మూడు జాడీల మేరకు తప్ప ఒక్క వెంట్రుకంత దిగలేదు. అదే అసలు రుజువు. తాగి ఊరుకునేవాడైతే మట్టం దిగేది. తాగినంతా నీళ్ళతో నింపేవాడికే దిగదు. అంత నేర్పు ఎవరికుంటుంది? ముప్పయ్యేళ్ళు అదే పనిగా బతికినవాడికి ఉంటుంది.

నిన్న శుక్రవారం వాడి గది వెతికింది. ఈ గోడకి అవతలే గది, తలుపుకి గొళ్ళెం లేదు, కర్ట్ చేపల సామాన్లు పెట్టుకునే గది అది, జూన్‌లో ఒరిన్ ట్రక్కును గోతిలో పడేసి, ధాన్యం గోదాములో ఉద్యోగం పోగొట్టుకుని, ఒక సంచీతో వచ్చినప్పుడు ఖాళీ చేసి ఇచ్చారు. పరుపు మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. సైనికుడిలా. పరుపు కింద చెయ్యి పెట్టింది, దిండు తొడుగు విప్పింది, సొరుగులు లాగింది, కిటికీ గట్టు మీద తడిమింది, చలికాలపు బూట్లలో చెయ్యి దూర్చింది. ఒక బూటు అడుగున గుడ్డలో చుట్టిన డబ్బా తగిలింది. దొరికాడు, అనుకుంది. గుండె దడదడలాడింది, అది భయమా? అప్పుడు భయమే అనుకుంది. మూత తీస్తే తాగకుండా గడిపిన నెలకొకటి చొప్పున మీటింగులో ఇచ్చే నాణెంలాంటి బిళ్ళలు, ఏడు, వాటి కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం మీద పాప ఫోటో, లైబ్రరీ ప్రింటర్లో తీసుకున్నది, రంగు సగం వచ్చింది సగం రాలేదు. బిళ్ళలు ఎవరికైనా ఇస్తారు, తాగలేదని చెబితే ఇస్తారు, ఊది చూపించమంటారా ఏమన్నానా. సీసా దొరకలేదు. దొరకదు కూడా, గోడ అవతల అయిదు గ్యాలన్ల బకెట్ ఉండగా సీసాతో పనేముంది? అన్నీ ఎక్కడివక్కడ పెట్టేసి వచ్చింది. ఆ రాత్రి భోజనంలో బంగాళాదుంపల హాట్‌డిష్ రెండోసారి వడ్డించుకుంటూ ఒరిన్, "చాలా బాగుంది అక్కా," అన్నాడు. బూట్లు కదిలినట్టు తెలిసి అన్నాడా? తెలియక అన్నాడా?

యాభై ఒకటి. నాలుగూ ఇరవై ఎనిమిది. బ్రిట్టాకి ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటోంది. తల్లీ, నాకు చెప్పాలని లేదు గానీ. తల్లీ, పోయినసారి నేను తప్పు చేశాను, ఈసారి చెయ్యను. కొలత చూశాను, అంకెలు అబద్ధం చెప్పవు. పాపను తీసుకురావద్దు. ఈ మాటలు నోట్లో ఎంత సులువుగా తిరుగుతున్నాయంటే, ఒకసారి పైకే అనేసింది, "తీసుకురావద్దు తల్లీ," అని, ఖాళీ బేస్‌మెంట్లో తన గొంతు తనకే వినిపించింది. చాలా మంచి గొంతు. బాధ్యత గల గొంతు. అప్పుడు తట్టింది. రెండో సమాధానం సంగతి? నీళ్ళలో వేస్తే వెయ్యి చూపించకపోతే బ్రిట్టాకి ఏం చెబుతుంది? దానికి ఒక్క మాటా కూర్చుకోలేదు. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా. స్టూలు మీద కదిలింది. వాడు తాగి ఉండాలని కోరుకుంటున్నానా నేను? ఛ, లేదు. ఎవరైనా కోరుకుంటారా? కానీ వాడు తాగితే తను చెప్పేది నిజమవుతుంది, అయిదేళ్ళ కిందటి ఆ చూపు తుడుచుకుపోతుంది, అత్త ఈసారి కాపాడింది అంటారు. వాడు తాగకపోతే? తాగకపోతే తను మళ్ళీ పూచీ ఇవ్వాలి. మళ్ళీ ఆ బల్ల, ఆ తెల్ల గుడ్డ.

వాడు దొంగ అనుకోవడం ఈ ఇంట్లో మొదలు కాలేదు. ఈ ఆలోచన ఎటునుంచి వచ్చిందో తెలియదు, వచ్చి ఎదురుగా కూర్చుంది. నాన్న ఖనిజం రేవులో పనిచేసే రోజులు. వెనక వరండాలో కిటికీ పక్కన ఆయన బ్రాందీ సీసా ఉండేది, చలికాలమంతా అక్కడే. నిజమైన బ్రాందీ గడ్డకట్టేంత చలి కాదు ఆ వారం, మామూలు చలే. చర్చి పెద్దాయన భోజనానికి వస్తే నాన్న గర్వంగా సీసా తీసుకొచ్చి వంచాడు. ఒక్క చుక్క పడలేదు. సీసా లోపల మంచు ముద్ద. మొదట ఎవరికీ అర్థం కాలేదు, తర్వాత నాన్నకు అర్థమైంది, బ్రాందీ గడ్డకట్టదు, నీళ్ళు గడ్డకడతాయి. ఆయన ఎవరినీ అడగలేదు. బల్ల చివర కూర్చున్న ఒరిన్ వైపు తిరిగాడు. వాడికి పద్నాలుగు. వాడు మొహం ఎర్రబడి, "నేను కాదు," అన్నాడు. మొహం ఎర్రబడిందిగా, ఇంకేం కావాలి. ఆ చలికాలమంతా నాన్న వాణ్ణి పేరుతో పిలవలేదు. "ఒరేయ్ నీళ్ళోడా, ఉప్పందుకో." "నీళ్ళోడు లేచాడా?" రేవులో జతగాళ్ళ ముందు కూడా అదే పేరు. మార్లిస్‌కి పదిహేడు. అంతకు పది రోజుల ముందు బడి నుంచి తొందరగా వచ్చి, అమ్మ వంటింటి తొట్టి దగ్గర ఆ సీసాను సగం ఒంపేసి కుళాయి కింద పట్టడం కళ్ళారా చూసింది. అమ్మ తల తిప్పి తనను చూసింది. "వెళ్ళి చదువుకో," అంది. అంతే. ఆ భోజనాల బల్ల దగ్గర అమ్మ ఏమీ అనలేదు. అమ్మ అనకపోతే తనెందుకనాలి? అలాగే చదువుకుంది. అలాగే పెళ్ళయింది, అలాగే బడి బస్సు తోలుతోంది. నలభై రెండేళ్ళు గడిచిపోయాయి. నిజంగా చెప్పాలంటే, నీళ్ళు కలిపిన సీసా అనగానే తన మనసు వాడి మీదికి పరుగెత్తడం ఆ బల్ల దగ్గరే నేర్చుకుంది, కాదని కళ్ళారా చూసి కూడా.

యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. మెట్ల మీది కిటికీలో వెలుగు నీలంగా మారింది, ఇక్కడ జనవరిలో నాలుగున్నర దాటితే పొద్దుండదు. అరవై అయ్యేసరికి నాలుగూ యాభై రెండు. లేచి హైడ్రోమీటర్ని గుడ్డతో తుడిచి, కొన పట్టుకుని, వేళ్ళతో గిర్రున తిప్పి నీళ్ళలో వదిలింది. అది తిరిగి, రెండుసార్లు మునిగి లేచి, నిలబడింది. వంగింది. తొమ్మిది వందల తొంభై ఆరు. చేత్తో తాకి బుడగలు లేవని చూసి మళ్ళీ వదిలింది. తొంభై ఆరు. థర్మామీటర్ తప్పేమో? ఇంకో థర్మామీటర్ తెచ్చింది, మాంసంలో గుచ్చేది. అరవై. ఇంకోసారి వదిలింది. తొంభై ఆరే. అప్పుడు గొట్టాన్ని దీపం దగ్గరకు పట్టి చూసింది. సన్నటి గాజు మెడ లోపల, గీతల కాగితం పై అంచు మీద, గోధుమరంగు జిగురు మరక ఒకటి ఒంటరిగా ఉంది. కాగితం ఉండాల్సిన చోటు అది. కాగితం దానికింద నాలుగు గీతల మేర జారి ఉంది. ఎనిమిదో రోజు కొలిచాక మాల్టు జిడ్డు పోవడం లేదని మరిగే నీళ్ళ కింద చాలాసేపు పట్టింది తనే. ఇంకెవరూ ముట్టుకోలేదు దాన్ని.

పదికి నాలుగు కలిపితే పద్నాలుగు. ఈ ఏడు బీరు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. ఎవరూ తియ్యలేదు, ఎవరూ పొయ్యలేదు. గుండె తేలికపడుతుందని ఎదురుచూసింది. పడలేదు. మొదట వచ్చింది కోపం, చేతిలోని గాజుముక్క మీద, హార్లన్ మీద, ఒరిన్ మీద కూడా, తాగనందుకు. ఆ కోపాన్ని చూసి భయం వేసింది. మెట్లు ఎక్కుతుంటే ఫోన్ మోగింది.

"అత్తా, నేను. చెప్పు." బ్రిట్టా పలకరింపులు పెట్టుకోలేదు.

"తాగడం లేదు," అంది మార్లిస్.

"పోయినసారీ అదే అన్నావు."

"అన్నాను."

"ఇప్పుడెలా తెలుసు నీకు?"

గోడకు ఆనుకుంది. "బ్రిట్టా, నేను మంచిదాన్ని కాదు తల్లీ. వాడు తాగుతున్నాడని రుజువు చెయ్యాలని చూశాను. వాడి గది వెతికాను. బూట్లలో చెయ్యి పెట్టాను. బీరు బకెట్ మీద గీత గీశాను. కొలత తేడా వస్తే వాడే అనుకున్నాను. ఇవాళ నీకు రావద్దని చెప్పేద్దామని కూర్చున్నాను. ఇప్పుడే, అయిదు నిమిషాల కిందట, తప్పు నా కొలత గొట్టానిదని తేలింది. ఇంత వెతికినా ఏమీ దొరకలేదు."

అవతల పాప ఏదో గిలక్కాయ నేలకేసి కొడుతోంది. "నువ్వు నిజంగా వెతికావా?" అంది బ్రిట్టా. గొంతు మారింది. "పోయినసారి అసలు వెతకలేదు అత్తా నువ్వు. ఊరికే మంచిమాట చెప్పేశావు." తర్వాత, "పదకొండుకల్లా వస్తాం. పాపకు పాల సీసా వేడి చెయ్యడానికి చిన్న గిన్నె ఉందా నీ దగ్గర?" అంది.

ఒరిన్ అయిదూ ఇరవైకి వచ్చాడు, బూట్లు వెనక గుమ్మంలో దులుపుకుంటూ, నోట్లో పిప్పరమెంటుతో. కాఫీ ఉందా అని అడగబోయి అక్క మొహం చూసి ఆగాడు. మార్లిస్ కూర్చోమని కూడా అనకుండా అంతా చెప్పేసింది, వరసగా, బస్సు స్టాపులు చదివినట్టు: వెయ్యీ పది, గ్యాలనున్నర, బూటులో డబ్బా, జారిన కాగితం, బ్రిట్టా. బ్రిట్టా పేరు దగ్గర వాడి చెయ్యి టోపీ మీదే నిలిచిపోయింది.

"రేపా?" అన్నాడు.

"రేపు పదకొండుకి."

ఒరిన్ కుర్చీలో కూలబడ్డాడు. టోపీ తియ్యలేదు. "బకెట్ మీది గీత చూశాన్లే అక్కా," అన్నాడు. "మొదటిరోజే చూశా."

"మరి అడగలేదేం?"

"ఏమని అడగను? నాకూ పనికొచ్చింది అది. నువ్వెళ్ళాక రోజూ దిగి చూసేవాణ్ణి, దిగిందా లేదా అని. దిగలేదంటే నిన్న నేను తాగలేదన్నమాట. నవ్వకు. ఒక్కోరోజు కలలో తాగుతా, లేచాక కలో నిజమో తెలిసి చావదు. గ్లాసుతో నీళ్ళు తాగుతూ అక్కడే నిలబడేవాణ్ణి. మీటింగులో చెప్పారు, తాగాలని బుద్ధి పుట్టినప్పుడల్లా కడుపు నిండా నీళ్ళు తాగమని. మూడు గ్లాసులు, నాలుగు గ్లాసులు. ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. నా గోడ పక్కనే ఎందుకు పెట్టావు దాన్ని?"

"అక్కడ వెచ్చగా ఉంటుంది. పదమూడేళ్ళుగా అక్కడే పెడుతున్నా."

"పదమూడేళ్ళుగా అక్కడ నేను లేనుగా. మొదటి వారం మూత మీది గొట్టంలోంచి బుడబుడమని ఒకటే చప్పుడు. దుప్పటి కప్పుకుంటే దుప్పట్లోకీ వాసన." వాడు గొంతు పెంచలేదు, ఫిర్యాదులా కూడా అనలేదు, వాతావరణం చెప్పినట్టు చెప్పాడు. మార్లిస్‌ ఎదురుగా ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏడు నెలలుగా వాడి చేతులు, నోరు, కళ్ళు, బూట్లు అన్నీ చూసింది. గోడకి అవతల పడుకున్నది ఎవరో ఒక్కసారి చూడలేదు.

"ఒరిన్," అంది, "నాన్న బ్రాందీలో నీళ్ళు పోసింది అమ్మ. నేను చూశాను. ఆ రోజు బల్ల దగ్గర చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు."

వాడి బూట్లకంటిన మంచు కరిగి నేలమీద చిన్న మడుగు కట్టింది. "అమ్మా?" అన్నాడు.

"అమ్మే."

"నేనే పోశానేమో అనుకునేవాణ్ణి," అన్నాడు నెమ్మదిగా. "ఒక వయసు వచ్చాక. ఎన్ని చేసి మర్చిపోయానో లెక్కలేదు కదా, ఇదీ అలాంటిదే కాబోలు, తాగకముందు కూడా నేనింతే కాబోలు అనుకున్నా. మీటింగులో కూడా చెప్పాను అక్కా అందరి ముందూ. మా నాన్న బ్రాందీతో మొదలుపెట్టానని." నవ్వబోయాడు, రాలేదు. చేత్తో మొహం తుడుచుకున్నాడు. "అబ్బ. అమ్మా!"

క్షమించమని ఆమె అడగలేదు. అడిగితే వాడు సరేననేస్తాడు, వాడి అలవాటే అది. కిందికి దిగి, బకెట్ మూత బిగించి, చేపిడి పట్టుకుని పద్నాలుగు మెట్లూ ఒక్కతే ఎక్కించింది. ప్రతి మెట్టు మీదా దించి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తింది. ఒరిన్ మెట్ల పైన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి వెయ్యనా అనలేదు, ఆమె వెయ్యమనలేదు. వెనక వాకిట్లోంచి మంచు మీద జారే ప్లాస్టిక్ స్లెడ్ బండి లాక్కొచ్చి మెట్ల ముందు పెట్టి, తను పక్కకు జరిగాడు. ఆమె బకెట్‌ను దాంట్లో దించి తాడు భుజానికేసుకుని మంచులో లాగింది.

పక్కింటి ఆర్డెల్ తలుపు తీసి, గ్యారేజీ దీపం వేసి, నోరు తెరిచింది. "ఇదేంటే, బీరంతా మోసుకొచ్చావు? కర్ట్‌తో పోట్లాడావా?"

"నీ గ్యారేజీలో పెట్టుకో. కర్ట్ వస్తే ఇక్కడికొచ్చి తాగుతాడు."

"మీ బేస్‌మెంట్ ఏమైంది?"

మార్లిస్ తాడు విప్పుతూ ఉంది. తాడు ముడి గడ్డకట్టి ఊడలేదు. ఏడు నెలలుగా వీధిలో ఎవరడిగినా తమ్ముడు ఇంటి కప్పు బాగుచెయ్యడానికి వచ్చాడని చెబుతోంది. "మా ఒరిన్ మా ఇంట్లో ఉంటున్నాడు," అంది. "తాగుడు మానేశాడు. వాడి గది పక్కన ఇది ఉండకూడదు."

ఆర్డెల్ ఆమె మొహంలోకి చూసి, తాడు ముడి తన చేతిలోకి తీసుకుని పళ్ళతో లాగింది. "ఏడు నెలలు ఏం కప్పు వేస్తున్నారా అనుకున్నా," అంది. "రాజభవనమా ఏమన్నానా అని. పద, అటు పట్టు."

తిరిగొచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఖాళీ స్లెడ్ వెనకాల తేలిగ్గా జారుతూ వచ్చింది. వెనక గుమ్మం రెండు మెట్లెక్కి తలుపు పిడి మీద చెయ్యి వేసింది. లోపల ఒరిన్ గొంతు. ఫోన్లో మాట్లాడుతున్నాడు. "బ్రిట్టా, నేనమ్మా. నాన్నని," అన్నాడు, ఆ తర్వాత మాట తెగింది. తలుపు సన్నది, ఇంకాస్త ఆనుకుంటే ప్రతి మాటా వినిపిస్తుంది. వాడి గొంతులో తడి ఉందో తేడా ఉందో, ఎన్ని మాటలు తడబడ్డాయో, అవతల అమ్మాయి ఏమంటోందో. చెవి అప్పటికే తలుపు వైపు వంగిపోయి ఉంది. మార్లిస్ పిడి మీద నుంచి చెయ్యి తీసింది. మెట్లు దిగింది. మంచులో బూట్లు కరకరమంటుంటే ఇంటి పక్కగా నడిచి, వాకిలి దాటి, ఏ మాటా వినపడని చోటిదాకా, వీధి మొగదాకా వెళ్ళి నిలబడింది. చలికి చెవులు మండుతున్నా, వంటింటి కిటికీలో వాడు ఫోన్ పెట్టేసి కుర్చీలోంచి లేచేదాకా అక్కడే ఉంది.